మా ఊరి గానుగరాయి

పోయిన ఉగాదికి వై.ఎన్.హొసకోటలో మా అమ్మ పుట్టింటికి వెళ్తూ, మా అమ్మాయి స్పెయిన్ నుంచి తెచ్చిన ఆలివ్ నూనె సీసా ఒకటి వెంట తీసుకెళ్ళాను. మా అత్త, అంటే మేనమామ భార్య, ఎనభై దాటిన మనిషి, మూత తీసి వాసన చూసింది. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాలుకకి రాసుకుంది.

"పచ్చివాసన పోలేదు అల్లుడా. ఎవురాడినారో గాని, గానుగ సరిగ్గా ఆడించలే" అనేసింది.

స్పెయిన్ వాళ్ళు ఈ మాట వింటే ఏమంటారో తెలియదు గాని, తీర్పు చెప్పే అర్హత ఆమెకు ఉంది. మా అమ్మ పుట్టిల్లు గానుగిల్లు. కోడలుగా వచ్చిన నాటి నుంచి గానుగ ఆగిపోయిన రోజు దాకా ఆ రాతిలోంచి గుడ్డతో నూనె ముంచి పిండింది ఆవిడే. మా గానుగకు అడుగున రంధ్రం ఉండేది కాదు. పైకి తేలిన నూనెను పాతగుడ్డ ముంచి, పిండి, ఇత్తడి బిందెలోకి తీసేవారు. చిన్నప్పుడు సెలవులకు వెళితే నేను గానుగ మాను మీద కూర్చుని ఎద్దుతో పాటు గుండ్రంగా తిరిగేవాణ్ణి. బరువుకి ఎలాగూ ఒక బండ పెట్టాలి కదా, బండ బదులు నేను! ఎద్దు కళ్ళకు గంతలు ఎందుకు కట్టారని అడిగితే, "నువ్వు చూసినట్టే అదీ చూసిందనుకో, కళ్ళు తిరిగి పడిపోతాది" అనేవాడు మామ.

ఊరు తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. పావగడ తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాది. కాని పటం తీసి చూస్తే దాదాపు మూడు దిక్కులా ఆంధ్రదేశమే. పావగడకు ఉత్తరంగా మా హొసకోట. కచేరీలో, బడిలో కన్నడం, ఇంట్లో వీధిలో తెలుగు. పట్టుచీరల మగ్గాలకు పేరున్న ఊరు. చుట్టూ చెనిక్కాయల చేలు, నమ్మకం లేని వాన. 2018 నుంచి తిరుమణి వైపు వేల ఎకరాల్లో సూర్యరశ్మి పలకలు పరుచుకున్నాయి. ఆ పొలాల్లో ఒకప్పుడు ఎక్కువగా పండింది ఆ చెనిక్కాయే.

సీసా కబుర్లు అయ్యాక అసలు సంగతి బయటపడింది. మా బావమరిది పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నాడు. వాకిట్లో నడుము దాకా భూమిలో దిగిపోయిన గానుగరాయి మోరీ వెళ్ళే దారికి అడ్డంగా ఉంది. పగలగొడితే పునాదికి పనికొస్తుందని మేస్త్రీ చెప్పాడట. బావమరిదికి మనసులో ముల్లు ఉంది. లేకపోతే నన్నెందుకు అడుగుతాడు? "నువ్వు చదువుకున్నోనివి. ఇది ఎంత పాతదో చెప్పు. పాతదైతే ఉంచుదాం. కాదంటే మేస్త్రీ మాటే" అన్నాడు.

ఎలా చెప్పను? దక్షిణ కర్ణాటకలో కొన్ని రాతి గానుగల అంచుల మీద శాసనాలు ఉన్నాయని చదివాను. ఈ గానుగ ఫలానావారు చేయించారని గుండ్రటి అంచు చుట్టూ చెక్కి ఉంటుంది. ఆ ఆశతో మా రాయిని రెండు బిందెల నీళ్ళతో కడిగి, సుద్దపొడి రాసి, మధ్యాహ్నపు ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. అంచు మీద వరసగా గీతలు కనిపించి గుండె ఝల్లుమంది. మా అత్త అరుగు మీద నుంచే, "అవి అచ్చరాలు కాదప్పా. మీ మామ కొడవలి నూరుకునేది ఆడనే" అంది.

రాయి నోరు విప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. బెంగళూరికి తిరిగి వచ్చాక మిగతా పనులు పక్కనపెట్టి, ఈ రాయి నాకు చెప్పనిది ఇతర రాళ్ళు ఏమైనా చెప్పాయా అని పుస్తకాలు తిరగేశాను. తెలుసుకున్నది మన పత్రిక చదువరులతో పంచుకోవాలనిపించింది.

ముందు మాట దగ్గర మొదలుపెడతాను. 'నూనె' అంటే నువ్వుల నెయ్యి. నువ్వు, నెయ్యి కలిసి నూనె అయ్యాయి. కన్నడం 'ఎణ్ణె', తమిళం 'ఎణ్ణెయ్' కూడా ఇలాగే, వాళ్ళ 'ఎళ్ళు'లోంచి పుట్టినవే. సంస్కృతంలో తిలలోంచి తైలం వచ్చింది. మరి ఇంగ్లీషు వాళ్ళ ఆయిల్? అది లాటిన్, గ్రీకుల మీదుగా ఆలివ్ కాయలోంచి వచ్చింది. స్పెయిన్ వాళ్ళ మాట కూడా అరబ్బీలో ఆలివ్ నూనెకున్న పేరే. ఆ దేశాలు ఆలివ్‌తో, మనం నువ్వులతో నూనె అన్న మాటనే పిండుకున్నాం. మా అత్త సీసా వాసన చూసి అదీ గానుగదే అనుకోవడంలో తప్పేమీ లేదన్నమాట.

మా చిన్నతనంలో మా గానుగలో ఎక్కువ ఆడింది చెనిక్కాయలు. అందుకని రాయలవారి కాలంలోనూ ఇక్కడ అవే ఆడి ఉంటాయని నేను ఎన్నాళ్ళో అనుకున్నాను. శుద్ధ తప్పు. వేరుశనగ దక్షిణ అమెరికాది. అది మన మెట్టపొలాల్ని ఇంతగా ఆక్రమించింది గత నూరు నూటయాభై ఏళ్ళలోనే. విజయనగర కాలంలో గానుగలో పడింది నువ్వులు, ఆముదాలు, కుసుమలు, వెర్రినువ్వులు, ఇప్పగింజలు, కానుగ గింజలు. తినడానికి, తలకి, దీపానికి, బండి ఇరుసుకి, చర్మం మెత్తబడటానికి, అన్నిటికీ ఈ గింజలే. కిరసనాయిలు లేని కాలంలో రాత్రి వెలుగంతా గానుగలోంచి రావలసిందే.

నువ్వుల నూనెకు రాయలవారే పెద్ద వాడకందారు! 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు రోజూ తెల్లవారకముందే దాదాపు ముప్పావు పైంటు నువ్వుల నూనె తాగేవాడని రాశాడు. ఒళ్ళంతా అదే నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, కత్తి తిప్పి, పట్టిన నూనె అంతా చెమటగా కారేదాకా కసరత్తు చేసి, మల్లుడితో కుస్తీ పట్టి, తర్వాత గుర్రమెక్కి మైదానంలో దౌడు తీసేవాడట. మా అత్తకు ఈ ముక్క ఫోనులో చదివి వినిపిస్తే, "అందుకే రాజైనాడు" అంది.

రాజు తాగాడు సరే. ఆడించినవాడి సంగతేమిటి?

గానుగ మీద పన్ను ఉండేది. కన్నడ శాసనాల్లో దాని పేరు గాణదెరె, తమిళ శాసనాల్లో సెక్కిరై. తెలుగు శాసనాల్లో ఇల్లరి, పుల్లరి అని ఇంటికి, గడ్డికి వేసిన పన్నుల పేర్లు వినే ఉంటారు. మగ్గానికి, కుమ్మరి సారెకు, గానుగకు వేసినవి కూడా ఆ వరసలోవే. ఇందులో గమనించవలసినది ఒకటుంది. నేలకు పన్ను అంటే పండినదానిలో పాలు అడగవచ్చు. గానుగ పన్ను అలా కాదు. వృత్తిపన్నులన్నీ మామూలుగా పనిముట్టును లెక్కపెట్టి వేసేవారు. మగ్గానికి ఏడాదికి ఇన్ని పణాలు, గానుగకు ఏడాదికి ఇన్ని పణాలు. దేశానికీ దేశానికీ రేటు మారేది గాని పద్ధతి ఇదే. నూనె ఎంత వచ్చిందో కొలవడానికి సర్కారు మనిషి రోజూ వాకిట్లో కూర్చోలేడు కదా. నూనెను దాచవచ్చు, గింజల్ని దాచవచ్చు. వీధిలో నడుము లోతు పాతుకున్న రాతిని ఎక్కడ దాస్తారు? మా బావమరిదికి ఇవాళ ఏ రాయి అడ్డమైందో, అప్పటి కరణానికి ఆ రాయే సుళువు లెక్క.

దీనికి మరో పక్క గుడి. తెల్లిగలు అంటే కన్నడదేశపు నూనెవారు. 'తెల్లిగ ఐవత్తొక్కలు', అంటే ఏభై కుటుంబాల సంఘంగా, వాళ్ళు శాసనాల్లో కనిపిస్తారు. నందాదీపానికి గానుగకు ఇంత అని నూనె ఇచ్చుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఒక్కొక్కచోట రాజో సామంతుడో గానుగ మీద తనకు వచ్చే ఆదాయాన్నే దేవుడి దీపానికి రాసి ఇచ్చేవాడు. పుణ్యం దాతది, నూనె గానుగవాడిది. ఇలా అనడం కొంచెం మొరటుగా ఉందేమో గాని, శాసనాలు వరసపెట్టి చదువుతుంటే నాకు కలిగిన భావం అదే. మా ఊరికి దూరం కాని లేపాక్షిలో, పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ అచ్యుతరాయల కాలంలో కట్టించిన ఆ గొప్ప గుడిలో, చిత్రాలున్న కప్పు కింద నిలబడినప్పుడల్లా శిల్పుల్నీ చిత్రకారుల్నీ తలుచుకునేవాణ్ణి. ఈసారి వెళితే దీపాల గూళ్ళ వైపు కూడా చూస్తాను.

నూనెవారు ఎప్పుడూ అణిగిమణిగి ఉన్నవారేమీ కాదు. తూర్పుగోదావరి వైపు టేకిలో దొరికిన రాగిరేకులు ఉన్నాయి. కులోత్తుంగ చోళుడి కొడుకు, వేంగి నేలిన చోడగంగుడు 1086-87 ప్రాంతంలో ఇచ్చినవి. తెలికివారి వంశీకులకు పెళ్ళిలో గుర్రమెక్కి వీధుల్లో ఊరేగే హక్కు అందులో ఉంది. మన తెలగపిండికి పేరిచ్చిన ఆ మాట రాజపత్రంలో చూసినప్పుడు, తెలగపిండి కూర అంటే ప్రాణం పెట్టే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

తర్వాత రోజులు మారాయి. 1429లో, రెండో దేవరాయల కాలంలో, తమిళదేశంలో కావేరి ప్రాంతాల వాళ్ళు పన్నుల బరువుకి తాళలేక తిరగబడ్డారు. వలంగై, ఇడంగై అని కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అప్పట్లో ఉప్పూనిప్పూ. అలాంటివాళ్ళు ఒక్కచోట కూడి, ఏ పన్ను ఎంత ఇస్తామో, ఏది ఇవ్వమో తీర్మానించుకుని గుడిగోడల మీద చెక్కించారు. రాజు చెక్కించిన శాసనాలు వేలు ఉన్నాయి. పన్ను కట్టేవాళ్ళు చెక్కించుకున్నవి తక్కువ. నేను చదివినవాటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1427లో, ఇటలీలోని ఫ్లారెన్సు నగరం 'కటాస్తో' అని ఇంటింటి లెక్క మొదలుపెట్టింది. ప్రతి కుటుంబం తన పొలం ఎక్కడుందో, అందులో గోధుమ ఎంత, ద్రాక్షసారా ఎంత, ఆలివ్ నూనె ఎంత వస్తుందో రాసి ఇవ్వాలి. దాన్నిబట్టి పన్ను. మా అమ్మాయి సీసా నూనెకు తాతముత్తాతలు స్పెయిన్‌లో సెవిల్ నగరం చుట్టూ తోటల్లో పండితే, జెనోవా వర్తకులు ఓడలకెత్తి దూరదేశాలకు అమ్మేవారు. అక్కడా సుంకం తప్పలేదు. తేడా ఏమిటంటే ఫ్లారెన్సు వాడు చెట్టు ఇచ్చినదాన్ని లెక్కవేశాడు, మనవాడు తిరిగే రాతిని లెక్కవేశాడు. వాన పడని ఏడు ఏ లెక్క మేలో మా పావగడ సీమవాళ్ళని అడిగితే క్షణంలో చెబుతారు.

వీధిలో పన్ను కట్టి ఆడించిన నూనె సంతకు వెళితే మళ్ళీ సుంకం. రాయల కాలం దాటాక, 1535 ప్రాంతంలో రాసిన న్యూనిజ్ అనే మరో పోర్చుగీసు, రాజధానిలో ఒక ద్వారపు సుంకమే ఏడాదికి 12,000 పర్దావులకు గుత్తకిచ్చారని చెప్పాడు. పర్దావు అంటే మన వరహా. గుత్తదారు అడిగినంత ఇవ్వనిదే ఆడా మగా, నెత్తిన మూటతో ఉన్నవాళ్ళయినా సరే, లోపలికి పోవడానికి లేదట. ఆ మూటలమధ్య ఒక నూనెకుండ కూడా ఉండి ఉంటుందని నేను ఊహించుకుంటాను.

రాయలవారి ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పే చోట, దేశం చిన్నదైనా చెరువులు కాలువలు తవ్వించి, పేదవాడికి పన్నులో, పాలులో వెసులుబాటు ఇస్తే ధర్మమూ ధనమూ రెండూ పెరుగుతాయన్న భావం ఉంది. రాసినంత చల్లగా అధికారులు నడిచారా అంటే 1429 నాటి గోడలు, న్యూనిజ్ రాసిన ద్వారం వేరే మాట చెబుతున్నాయి. వెసులుబాటు దొరికినవాళ్ళూ ఉన్నారు. 1540ల్లో అళియ రామరాయల మెప్పు పొందిన మంగలి కొండోజు తన కులానికంతటికీ పన్నులు మాఫీ చేయించుకున్నాడు. ఆ సంగతి చెప్పే శాసనాలు తెలుగు, కన్నడ ప్రాంతాల్లో ఊరూరా కనిపిస్తాయి. రాజుగారి గడ్డం దాకా చేతులు వెళ్ళే వృత్తి మరి! గానుగవాడి నూనె రోజూ రాజుగారి ఒంటి మీదికి వెళ్ళింది గాని, గానుగవాడు వెళ్ళలేదు.

1565 తర్వాత రాజధాని పెనుకొండకు వచ్చింది, తర్వాత పాళెగాళ్ళు వచ్చారు, హైదరూ టిప్పూ వచ్చారు. గానుగ పన్ను మాత్రం పేరు మార్చుకుని బతికింది. మైసూరు సంస్థానంలో దాన్ని మొహతర్ఫా అనేవారు. మగ్గాలు, గానుగలు, అంగళ్ళు, ఇళ్ళు అన్నీ అందులోవే. బెంగళూరులో ఉండే మనకు కబ్బన్ పార్కు తెలుసు కదా. ఆ మార్క్ కబ్బన్ 1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనరు. ఆయన హయాంలో 769 రకాల చిల్లర పన్నులు ఎత్తేశారని గెజెటీరు చెబుతుంది. ఏడువందల అరవై తొమ్మిది! వాటికి అన్నేసి పేర్లు పెట్టినవాడి ఓపికకు దణ్ణం పెట్టాలి.

ఈ లెక్కలకు లొంగి లొంగి నూనెవారిలోనే పాయలు ఏర్పడ్డాయి. కన్నడ గాణిగల్లో రాతి గానుగకు రెండెద్దులు కట్టేవారు ఒక తెగ, చెక్క గానుగవారు ఒకటి, ఒంటెద్దువారు మరొకటి. పాత గ్రంథాలు వీటిని కులభేదాలుగా రాస్తాయి. నాకు మాత్రం ఇందులో ఎద్దుల ఖర్చు, రాతి ఖర్చు కనిపిస్తాయి. మావాళ్ళది రాతి గానుగే అయినా తాతనాటికి ఒక ఎద్దే మిగిలింది. రెండోది ఏమైందని అడిగితే "కరువు" అని ఒక్క మాట. ఏ కరువో చెప్పలేదు. మా సీమలో ఆ మాటకు సంవత్సరం చెప్పనక్కర్లేదు.

మా గానుగను ఆపింది పన్ను కాదు. కరెంటు మిల్లు. మామ ఒక పూటంతా ఎద్దుతో తిరిగి నాలుగు వాయిలు తీసేలోపు, మిల్లు బస్తాలకు బస్తాలు ఆడి పడేసేది. ఊళ్ళోవాళ్ళు మొహమాటానికి కొన్నాళ్ళు పండగ నూనె మాత్రం మా దగ్గర ఆడించుకున్నారు. తర్వాత ప్యాకెట్ నూనె వచ్చింది, మొహమాటం కూడా పోయింది. ఎద్దును అమ్మిన రోజు మామ సంతనుంచి నడిచి వచ్చి, గానుగ చుట్టూ ఎద్దు నడిచిన బాట మీద కాసేపు తిరిగాడని అత్త చెబుతుంది. ఆ గుండ్రటి బాట గట్టిపడి, ఆ తర్వాత చాలా ఏళ్ళు గడ్డి మొలవలేదట.

ఇప్పుడు బెంగళూరులో మా వీధి చివర 'మరద గాణద ఎణ్ణె' అని బోర్డు పెట్టిన అంగడి ఉంది. మోటారుతో తిరిగే చెక్క గానుగ. మామూలు నూనెకన్నా ధర బాగా ఎక్కువ, అయినా జనం వరసలో నిలబడి కొంటున్నారు. బిల్లు మీద జీఎస్టీ 5 శాతం ఉంటుంది. పన్ను నూనె మీద, గానుగ మీద కాదు. అంత తేడా రావడానికి అయిదారు వందల ఏళ్ళు పట్టింది.

ఇదంతా కాగితాల మీద రాసుకుని మళ్ళీ ఊరికి వెళ్ళాను. బావమరిదికి నిజమే చెప్పాను. "ఇది ఎంత పాతదో నాకు తెలియదు. అక్షరం లేదు. రాయల నాటిదని అబద్ధమాడి కాపాడలేను. కాని ఇలాంటి రాయి ఒకటి వాకిట్లో ఉన్నందుకు మనలాంటివాళ్ళు వందల ఏళ్ళు పన్ను కట్టారు. అది మాత్రం నిజం" అన్నాను.

వాడు కాసేపు తల గోక్కున్నాడు. మేస్త్రీతో ఏదో మాట్లాడాడు. మోరీని రెండు మూరలు పక్కకు తిప్పడం కుదరదట. జేసీబీ ఎలాగూ పునాదికి వస్తోంది గనక, ఒక గంట బాడుగ ఎక్కువ ఇస్తే రాయిని పెకలించి వీధివైపు వేపచెట్టు కింద దింపుతానన్నాడు దాని డ్రైవరు. ఆ గంట బాడుగ నేనిచ్చాను. పెకలించాక చూస్తే మేము అనుకున్నదానికి రెండింతలుంది. నేలలో ఉన్న భాగం నునుపు చెయ్యకుండా, ఉలి దెబ్బలు అలాగే ఉన్నాయి. అక్కడా వెతికాను. అక్షరాలు లేవు.

వేపచెట్టు కింద మళ్ళీ సగం పాతి నిలబెట్టాక మా అత్తను కుర్చీలో మోసుకొచ్చారు. ఆవిడ కొంగుతో రాతి నోటిలో మట్టి తుడిచి, ఇంట్లోంచి తెప్పించిన నువ్వుల నూనె ఒక గరిటె పోసింది. వేలితో అంచంతా రాసింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది:

"వీధిలో పెట్టినాము గదా అల్లుడా, మల్లా దీనికి పన్ను కట్టమని ఎవురూ రారు గదా?"